లివర్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వైరస్ "కనిపించలేదు" అని రిపోర్టు వచ్చింది, నాయన మాత్ర ఆపేశాడు

మామిడితోట_కూతురు · జూన్ 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. నాయనకు 56 ఏళ్లు. పోయిన డిసెంబరులో కడుపు స్కానింగులో లివర్ కుడి వైపు 4 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. క్యాన్సర్ అన్నారు. లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ ఉన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. అంతవరకు ఒంట్లో బాగాలేదని ఒక్కరోజు పడుకున్న మనిషి కాదు. జనవరిలో ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న భాగం తీసేశారు. ఆపరేషన్‌కు ముందు నుంచే ఆ వైరస్‌కు టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి ఇస్తున్నారు.

మే నెల పరీక్షల్లో సీటీ స్కాన్ శుభ్రంగా ఉంది. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ కోసం చూసే రక్తపరీక్ష) నార్మల్. హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్షలో వైరస్ "నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది. కాణిపాకం పోయి మొక్కు తీర్చుకొని వచ్చాం.

నిన్న ఊరికి పోతే తెలిసింది, మూడు వారాల నుంచి నాయన ఆ మాత్ర వేసుకోవడం లేదు. అమ్మకు తెలుసు, నాకు చెప్పలేదు. "క్యాన్సర్‌ను కోసి పారేశారు. వైరస్ లేదని కాగితంలోనే ఉంది. ఇంకా మాత్ర దేనికి?" అంటున్నాడు. నాకు గట్టిగా జవాబు చెప్పడం రాలేదు. డిశ్చార్జి కాగితంలో "కంటిన్యూ" అని మాత్రమే ఉంది, ఎన్నాళ్లో లేదు. తోతాపురి కోతలు జరుగుతున్నాయి, ఈ నెల ఆసుపత్రికి రానంటున్నాడు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వార్డు_సిస్టర్ · జూన్ 9, రాత్రి 10:31

అమ్మా, ఇది రేపు ఎల్లుండి అని వాయిదా వేసే సంగతి కాదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పొద్దున్నే ఫోన్ చెయ్యి. మూడు వారాలుగా ఆపేశాడని దాచకుండా చెప్పు. మాత్ర మళ్లీ ఎప్పటి నుంచి వేయాలో, ఏ పరీక్షలు చేయించాలో వాళ్లే చెబుతారు. వాళ్లు దొరక్కపోతే తిరుపతిలో లివర్ డాక్టరు ఎవరినైనా చూపించు.

ఈలోపల నాలుగు సంగతులు చూసి ఇక్కడ రాయి. కళ్లు పచ్చబడ్డాయా? మూత్రం ముదురు రంగులో వస్తోందా? అన్నం సయించడం లేదా? కాళ్ల వాపు, కడుపు ఉబ్బరం ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోన్‌తో ఆగకుండా నేరుగా తీసుకెళ్లండి.

చిత్తూరు_డిపో · జూన్ 9, రాత్రి 11:05

పాపా, నాకు 2019లో ఇదే ఆపరేషన్ అయింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైర్ అయినాను. ఏడో ఏడు నడుస్తోంది. మాత్ర ఒక్కరోజు తప్పలేదని చెబితే అబద్ధం, మూడు నాలుగు సార్లు మరిచిపోయినాను. ఆపింది మాత్రం లేదు.

నాకూ మీ నాయన లాగే అనిపించింది. రెండో ఏడు వెల్లూరులో డాక్టరును నోరు తెరిచి అడిగినాను, "సార్, వైరస్ లేదు కదా, ఇంక ఆపేద్దామా?" అని. ఆయన నా రిపోర్టు తీసుకొని "ఇక్కడ లేదు అని ఎక్కడ రాసినారు? కనిపించలేదు అని రాసినారు" అన్నాడు. లేకపోవడం వేరు, కనిపించకపోవడం వేరు. ఆ ఒక్క మాట నా మనసులో నిలిచిపోయింది. మీ నాయనకు నచ్చజెప్పాలంటే నా నంబరు పర్సనల్ మెసేజిలో ఇస్తాను, నేనే మాట్లాడతాను. పేషెంటు మాట పేషెంటు వింటాడు.

తలకోన_గాలి · జూన్ 10, ఉదయం 6:20

అక్కా, మాత్రలు ఏళ్ల తరబడి వేస్తే కిడ్నీలు పోతాయంటారు. మా వైపు నేల ఉసిరి పసరు ఇస్తారు. మా చిన్నాయనకు కామెర్లు వస్తే మూడు రోజులు పరగడుపున తాగి, పత్యం ఉండి, వారంలో లేచి తిరిగినాడు. నేల ఉసిరి మీద పెద్ద పరిశోధన కూడా జరిగింది, మద్రాసులోనే. మీకు మేలు జరగాలని చెబుతున్నాను. మాత్ర మానేసినాడు కాబట్టి ఇది పెట్టి చూడండి.

గ్యాస్ట్రో_పీజీ · జూన్ 10, మధ్యాహ్నం 2:48

నేను తిరుపతిలో గ్యాస్ట్రో విభాగంలో పీజీ చేస్తున్నాను. రోగిని చూడకుండా మందు మార్చమనో ఆపమనో చెప్పను. అసలు సంగతి ఏమిటో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న మా ఓపీలో ప్రతి వారం వస్తుంది. ఓపీ రద్దీలో మేము సరిగా జవాబు చెప్పలేకపోతున్నాం కూడా.

ముందు తలకోన గారికి. మీరు చెప్పిన పరిశోధన నిజంగానే జరిగింది. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరి ఇచ్చిన హెపటైటిస్ బి రోగుల్లో సగానికి పైగా మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరే చోట్ల అదే ప్రయత్నం చేస్తే ఆ ఫలితం రాలేదు. ఇక మీ చిన్నాయన గారికి వచ్చినవి నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ లేదా ఇ కామెర్లు అయి ఉండవచ్చు. చాలామందికి అవి ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. పసరు తాగిన వారంలోనే తగ్గితే పసరుకు పేరు వస్తుంది. పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి ఉన్న హెపటైటిస్ బి అలా పోదు. లివర్ కొంత కోసిన మనిషికి ఏ ఆకు ఎంత మోతాదులో పడుతుందో తెలియని పసరు పట్టించడం ప్రమాదం. మాత్ర బదులు అది పెట్టడం ఇంకా పెద్ద ప్రమాదం.

ఇప్పుడు అసలు ప్రశ్న. సర్జన్ తీసింది గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని. వైరస్ గడ్డలో మాత్రమే ఉండదు, మిగిలిన లివర్ అంతా ఉంటుంది. లివర్ కణం కేంద్రకంలో అది తన మూల ప్రతిని గుండ్రంగా చుట్టి దాచుకుంటుంది. కొన్ని ముక్కలు మన జన్యువుల్లోకి కూడా దూరతాయి. టెనోఫోవిర్, అలాంటిదే ఎంటెకావిర్ అనే ఇంకో మాత్ర చేసే పని వైరస్ కొత్త కాపీలు తీయకుండా ఆపడం. దాచిన మూల ప్రతిని అవి ముట్టుకోలేవు. రక్తపరీక్ష చూసేది రక్తంలో తిరిగే కాపీలను. మందు పని చేస్తే అవి కనిపించవు. కాబట్టి "నాట్ డిటెక్టెడ్" అంటే మందు పని చేస్తోందని అర్థం. దాన్ని చూసి మందు ఆపితే, ఆ ఫలితాన్ని తెచ్చిన కారణాన్నే తీసేసినట్టు.

ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ తిరిగి రావడం లివర్ విషయంలో అరుదు కాదు. బాగా జరిగిన ఆపరేషన్ తర్వాత కూడా 5 ఏళ్లలో 100లో 50 నుంచి 70 మందికి మళ్లీ వస్తుంది. ఈ అంకె చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ దాస్తే ఈ మాత్ర విలువ అర్థం కాదు. మొదటి రెండేళ్లలో వచ్చేది ఎక్కువగా పాత గడ్డ నుంచే, ఆపరేషన్‌కు ముందే రక్తనాళాల్లోకి జారిన కణాల వల్ల. రెండేళ్లు దాటాక వచ్చేది చాలావరకు కొత్త క్యాన్సర్. అదే జబ్బు లివర్‌లో, అదే వైరస్ రేపే మంట వల్ల కొత్తగా పుడుతుంది. యాంటీవైరల్ మందు ముఖ్యంగా ఈ రెండో రకాన్ని తగ్గిస్తుంది.

తైవాన్‌లో హెపటైటిస్ బి వల్ల లివర్ క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయిన 4,569 మంది వివరాలు చూసి 2012లో జామా పత్రికలో వేశారు. 6 ఏళ్లలో క్యాన్సర్ తిరిగి వచ్చినవాళ్లు మందు వాడినవారిలో 45.6 శాతం, వాడనివారిలో 54.6 శాతం. మరణాలు 29 శాతం, 42.4 శాతం. అది చీట్లు వేసి రెండు గుంపులుగా విడదీసి చేసిన ట్రయల్ కాదు, రికార్డులు చూసి లెక్కగట్టింది. అయితే 2013లో చైనా నుంచి వచ్చిన ట్రయల్‌లో అలా విడదీసే చూశారు. అక్కడా మందు వైపే మొగ్గు వచ్చింది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. మందు వేసుకున్నా క్యాన్సర్ తిరిగి రావచ్చు. అందుకే మాత్రతో పాటు స్కానులు కూడా తప్పకూడదు.

పాకాల_రైతు · జూన్ 10, సాయంత్రం 7:15

డాక్టరు గారు బాగా రాశారు. అమ్మా, మీ నాయన రైతు కాబట్టి ఆయనకు ఇట్లా చెప్పు. చేలో తుంగ ఉంటుంది కదా. పైన ఎన్నిసార్లు కోసినా భూమిలో గడ్డలు ఉంటాయి. కలుపు తీసిన మర్నాడు చేను చూస్తే తుంగ ఉన్నట్టే కనిపించదు. ఒక తడి పెట్టి నాలుగు దినాలు ఆగితే మళ్లీ పచ్చగా లేస్తుంది. రోజూ ఆ తల ఎత్తనివ్వకుండా చేసేది ఈ మాత్ర. తుంగ ఉన్న చేలో కలుపు ఆపుతాడా, అని అడుగు.

ఇంకొకటి. మన పక్క చెనిక్కాయలు ఎక్కువ తింటాం. బూజు పట్టినవి, ముక్కిపోయినవి, నల్లబడిన పప్పులు ఏరి పారేయాలి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు అది లివర్ క్యాన్సర్ ముప్పును చాలా రెట్లు పెంచుతుంది. వేయించినా పూర్తిగా పోదు. మా ఇంట్లో పుచ్చులు విడిగా ఏరి చట్నీకి వాడే అలవాటు ఉండేది. అది తెలిసిన నాటి నుంచి మానేసినాం.

మామిడితోట_కూతురు · జూన్ 11, రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. ఆసుపత్రికి ఫోన్ చేశాను. మాత్ర వెంటనే మొదలుపెట్టమన్నారు. లివర్ పరీక్షలు, డీఎన్‌ఏ, కిడ్నీల కోసం చూసే క్రియాటినిన్ చేయించి పంపమన్నారు. సిస్టర్ చెప్పిన లక్షణాలు ఏవీ లేవు.

కానీ నాయన ఇంకా ఒప్పుకోవడం లేదు. అసలు కారణం ఈరోజు అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఊర్లో మాకు బంధువు అయ్యే అబ్బాయి మాత్ర డబ్బా చూసి ఫోన్‌లో వెతికి "ఇది ఎయిడ్స్ మందు" అన్నాడంట. అది నాలుగిళ్లు పాకింది. టీ కొట్టు దగ్గర ఎవరో నాయన పక్క నుంచి లేచి పోయారంట. ఆ రోజు నుంచే ఆపేశాడు. వైరస్ లేదు అన్నది మాకు చెప్పడానికి పెట్టుకున్న సాకు. మా నాయన జీవితంలో ఎవరి దగ్గరా తల దించుకోలేదు. ఇది రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి.

*(నిర్వాహకులు: ఈ పోస్టులో ఉన్న ఆసుపత్రి పేరు, బంధువు పేరు తీసేశాం. దయచేసి పేర్లు రాయకండి.)*

మందులషాపు_పుత్తూరు · జూన్ 11, రాత్రి 10:22

చెల్లెమ్మా, నాకు మందుల షాపు ఉంది. ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. టెనోఫోవిర్ రెండు జబ్బులకూ వాడతారు, నిజమే. 2001లో అది హెచ్‌ఐవీకి వచ్చింది. 2008లో హెపటైటిస్ బికి కూడా అనుమతి ఇచ్చారు. రెండు వైరస్‌లూ కాపీలు తీసే పద్ధతిలో ఒక మెట్టు ఒకేలా ఉంటుంది. ఆ మెట్టును ఈ మందు పడగొడుతుంది, అంతే. హెచ్‌ఐవీకి దీనితో పాటు వేరే మందులు కూడా కలిపి ఇస్తారు. ఇది ఒక్కటే రోజుకొకటి అంటే దాదాపుగా హెపటైటిస్ బి కోసమే.

నేను మా దగ్గర కొనేవాళ్లకు స్ట్రిప్పులు తీసి మామూలు కవర్‌లో వేసి, మీద "లివర్ మాత్ర, రోజుకొకటి" అని తెలుగులో రాసి ఇస్తాను. డబ్బా ఇంటికి పోదు. సీసాలో వచ్చే మాత్రలైతే సీసాలోనే ఉంచండి, తేమ తగలకూడదు. లేబుల్ మీద కాగితం అంటించండి.

ఇంకో ముఖ్యమైన మాట. మామిడి కోతల్లో ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ మాత్రలు, సూదులు వేయించుకుంటారు. టెనోఫోవిర్ వేసుకునేవాళ్లకు అది కిడ్నీల మీద పడుతుంది. జ్వరం వచ్చినా, నొప్పి వచ్చినా ముందు డాక్టరును అడిగే వేసుకోవాలి. పారాసిటమాల్ కూడా ఆయన లివర్‌కు ఎంత వరకు పడుతుందో అడగండి. సొంతంగా మోతాదు పెంచకూడదు.

కాళహస్తి_చెల్లి · జూన్ 12, ఉదయం 5:40

రాత్రంతా ఇది చదివి రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను.

మా ఆయనకు మూడేళ్ల కిందట ఆపరేషన్ అయింది. బాగా కోలుకున్నాడు. కొన్ని నెలలకు ఊరు మారాం, పాత డాక్టరు దూరమయ్యాడు. కొత్త ఊర్లో ఎవరో "రిపోర్టులు బాగున్నాయి, ఇక అవసరం లేదు" అన్నారు. ఎవరు, ఎక్కడ అన్నది రాయను. ఆపిన మూడో నెల కళ్లు పచ్చబడ్డాయి. ఎండకు అలిసిపోయాడు అనుకున్నాం. పది రోజులు అలాగే గడిపేశాం. ఆసుపత్రికి పోయేసరికి ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె) వేలల్లో ఉంది. క్యాన్సర్ తిరిగి రాలేదు, స్కాన్ శుభ్రంగానే ఉంది. వైరస్ ఒక్కసారిగా లేచి మిగిలిన లివర్‌ను తినేసిందని చెప్పారు. మందు మళ్లీ పెట్టారు, అప్పటికి ఆలస్యమైంది. పద్దెనిమిది రోజులు ఉన్నాడు.

అక్కా, మీ నాయనకు మూడు వారాలే అయింది. నాకు దొరకని సమయం మీకు ఉంది. ఊర్లో వాళ్లు ఏమన్నా అననీ. ఆ మాత్ర ఆయన నోట్లో పడేదాకా పక్కన కూర్చోండి.

వార్డు_సిస్టర్ · జూన్ 12, ఉదయం 8:02

చెల్లీ, ఇంత బాధలో ఉండి కూడా వేరే ఇంటి మనిషి కోసం రాశావు. నీకు ఏ అవసరం ఉన్నా మెసేజి పెట్టు.

మామిడితోట అమ్మా, ఒక పని ఇంకా మిగిలి ఉంది. మీ ఇంట్లో ఎవరెవరు పరీక్ష చేయించుకున్నారు? అమ్మ, నువ్వు, అన్నదమ్ములు, అందరూ హెపటైటిస్ బి ఉందో లేదో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించుకోవాలి. ఇది రక్తం ద్వారా, భార్యాభర్తల మధ్య, తల్లి నుంచి బిడ్డకు, ఒకే బ్లేడు ఒకే రేజరు వాడటం వల్ల వస్తుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, పక్కన కూర్చున్నా రాదు. మీ నాయనకు వేరే పళ్లెం పెట్టి ఉంటే ఈరోజే ఆపండి, పెద్దవాళ్ల మనసు దానికే ఎక్కువ విరుగుతుంది. లేదని తేలినవాళ్లకు మూడు డోసుల టీకా వేయించండి. ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, మొదటిది వేసిన ఆరు నెలలకు ఒకటి.

కుప్పం_తమ్ముడు · జూన్ 12, రాత్రి 8:33

నేను బెంగళూరులో ఉంటాను, మా పెదనాయనకు ఇదే కేసు. ఆయన ఎంటెకావిర్ మీద ఉన్నారు. ఆపరేషన్ తర్వాత ఎంటెకావిర్ కన్నా టెనోఫోవిర్ మంచిదని కొరియా స్టడీ ఒకటి చదివాను. మార్చమని అడగాలా? ఇంతకుముందు ఆయన ఎప్పుడో లామివుడిన్ కూడా వాడారు.

గ్యాస్ట్రో_పీజీ · జూన్ 13, రాత్రి 11:20

తమ్ముడూ, ఆ ప్రశ్న మీద నిపుణుల్లోనే వాదన నడుస్తోంది. కొరియా నుంచి వచ్చిన లెక్కల్లో టెనోఫోవిర్ వాడినవాళ్లకు క్యాన్సర్ తిరిగి రావడం తక్కువ కనిపించింది. వేరే చోట్ల తేడా కనిపించలేదు. అందుకని ఎంటెకావిర్‌తో వైరస్ అణగి ఉన్న మనిషిని కంగారుగా మార్చాల్సిన పని లేదు. కానీ నువ్వు చివర రాసిన మాట నాకు ముఖ్యంగా కనిపించింది. లామివుడిన్ పాత మందు. 5 ఏళ్లు వాడితే 100లో సుమారు 70 మందిలో వైరస్ దానికి లొంగకుండా మారిపోయేది. అలా మారిన వైరస్ ముందు ఎంటెకావిర్ కూడా బలహీనపడుతుంది. పెదనాయన గారి పాత చీటీలు వెతికి పట్టుకెళ్లు. అప్పుడు డాక్టరే టెనోఫోవిర్ వైపు మొగ్గవచ్చు. ఎంటెకావిర్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి, భోజనానికి ముందూ వెనకా రెండేసి గంటలు. రోజూ టిఫిన్‌తో మింగుతున్నారేమో అడుగు. మా ఓపీలో సగం మంది అదే చేస్తున్నారు.

తలకోన గారు కిడ్నీల గురించి అడిగింది తప్పేమీ కాదు. పాత రకం టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద, ఎముకల మీద పడుతుంది. అందుకే క్రియాటినిన్ చూస్తూ ఉంటాం. తేడా కనిపిస్తే ఎంటెకావిర్‌కో, టెనోఫోవిర్ అలాఫెనమైడ్ అనే 25 మిల్లీగ్రాముల కొత్త రకానికో మారుస్తాం. కిడ్నీకి భయపడి మందే ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు.

ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ రాకుండా వేరే మందు ఉందా అని చాలామంది అడుగుతారు. సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు ప్రయత్నించారు, ఉపయోగం కనిపించలేదు. ఇమ్యూనోథెరపీ (క్యాన్సర్ మీదికి ఒంటి రక్షణ శక్తిని ఉసిగొల్పే వైద్యం) జంట మందులతో 2023లో ఆశ పుట్టింది, ఎక్కువ కాలం చూస్తే ఆ లాభం నిలబడలేదు. లక్షలు పోసే మందులు అలా తేలిపోతుంటే, ఈ చిన్న మాత్ర చేసే మేలు చూసి నాకు దీని మీద ఇంత పట్టుదల.

తలకోన_గాలి · జూన్ 14, ఉదయం 6:05

డాక్టరు గారూ, అర్థమైంది. అక్కా, నేను చెప్పిన పసరు పెట్టవద్దు. తెలియక చెప్పినాను.

మామిడితోట_కూతురు · జూన్ 15, రాత్రి 9:18

నాయన గురువారం రాత్రి నుంచి మాత్ర వేసుకుంటున్నాడు. డిపో అంకుల్ గంటసేపు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నాయన ఫోన్ తీసుకొని తోటలోకి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చి అమ్మను నీళ్లు అడిగి మాత్ర వేసుకున్నాడు. తర్వాత నేను పాకాల అన్న చెప్పిన తుంగ మాట చెబితే, "అది నాకు ముందే చెప్పి ఉంటే అయ్యేది కదా" అన్నాడు.

పరీక్షలు వచ్చాయి. వైరస్ మళ్లీ కనిపించింది, అంకె చిన్నదే. ఎస్‌జీపీటీ 96. మే నెలలో 31 ఉండింది. ఆసుపత్రిలో "ఇప్పటికైనా చెప్పారు" అని, రెండు వారాలకు మళ్లీ చేయించమన్నారు.

ఇంట్లో మా పరీక్షలు కూడా వచ్చాయి. నాకు, అమ్మకు లేదు. మా తమ్ముడికి పాజిటివ్. వాడికి 24 ఏళ్లు. పెళ్లి చూపులు చూస్తున్నాం. వాడు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకొని ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. మా పెదనాయన ఒకాయన చాలా ఏళ్ల కిందట కామెర్లతో, కడుపు ఉబ్బి చనిపోయాడు. ఎవరో చేతబడి చేశారని ఇంట్లో అనేవాళ్లు. ఇప్పుడు అదీ గుర్తొస్తోంది.

గ్యాస్ట్రో_పీజీ · జూన్ 15, రాత్రి 11:47

ఎస్‌జీపీటీ 96 అంటే లివర్ మీద మంట మొదలైంది, అదుపు తప్పలేదు. సమయానికి పట్టుకున్నారు.

తమ్ముడి విషయం భయపడేది కాదు, వదిలేసేది కూడా కాదు. జబ్బు ముదరకముందే తెలిసింది. మీ నాయన గారికి ఆ అవకాశమే దొరకలేదు. దేశమంతా పిల్లలందరికీ ప్రభుత్వ టీకాల్లో హెపటైటిస్ బి చేరింది 2011లో. మీ తమ్ముడి వయసువాళ్లలో చాలామందికి అది అందలేదు. వాడికి డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష చేయిస్తారు. ఇంట్లో లివర్ క్యాన్సర్ ఉంది కాబట్టి మామూలుగా ఆగే చోట కూడా మందు మొదలుపెట్టే ఆలోచన చేస్తారు. ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ అలవాటు చేయండి. పెళ్లి చేసుకోవచ్చు. అమ్మాయికి ముందే చెప్పి, టీకా మూడు డోసులు వేయిస్తే సరిపోతుంది. పిల్లలు కూడా పుడతారు.

ఖర్చు గురించి. 2018 జూలై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద ప్రభుత్వ కేంద్రాల్లో హెపటైటిస్ బి పరీక్షలు, మందులు ఉచితం. తిరుపతిలో రుయా ఆసుపత్రికి, లేదా చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రికి పోయి ఈ కార్యక్రమం పేరు చెప్పి, పేరు ఎక్కడ నమోదు చేయాలో అడగండి. ఆధార్, పాత రిపోర్టులు తీసుకెళ్లండి.

కాళహస్తి_చెల్లి · జూన్ 16, ఉదయం 6:11

మీ నాయన మాత్ర వేసుకున్నాడని చదివి దేవుడి దగ్గర దీపం పెట్టాను అక్కా.

మామిడితోట_కూతురు · జూలై 20, రాత్రి 8:40

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఎస్‌జీపీటీ 38కి దిగింది. వైరస్ మళ్లీ కనిపించని స్థాయికి వచ్చింది. మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి స్కాన్, ఏఎఫ్‌పీ చేయించాలన్నారు. ఏఎఫ్‌పీ నార్మల్ ఉన్నా స్కాన్ మానకూడదని గట్టిగా చెప్పారు, కొన్ని గడ్డలకు అది పెరగదంట. వచ్చే స్కాన్ ఆగస్టులో.

మాత్ర ఎన్నాళ్లు అని ఈసారి నాయనే డాక్టరును అడిగాడు. ఆపరేషన్‌లో తీసిన ముక్క రిపోర్టులో సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) అని కూడా ఉందంట, జీవితాంతం అన్నారు. నాయన "సరే సార్" అని, "నా కొడుక్కి కూడా ఇదే మాత్రనా?" అని అడిగాడు. ఇంటికి వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు. తమ్ముడి డీఎన్‌ఏ రిపోర్టు వచ్చింది, వాడికి కూడా మందు మొదలుపెట్టారు. అమ్మకు, నాకు టీకా రెండో డోసు అయింది.

ఊర్లో ఆ మాట అన్న అబ్బాయిని నాయన ఇంటికి పిలిచి రిపోర్టు చేతికిచ్చి చదవమన్నాడు. వాడు వాళ్ల ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాడు. 

ఒక సందేహం. నాయన ఉదయం 5 గంటలకు పాలు పోయడానికి డెయిరీకి పోయి, వచ్చి మాత్ర వేసుకుంటున్నాడు. మొన్న ఒకరోజు మరిచిపోయి రాత్రి గుర్తొచ్చింది. అలాంటప్పుడు ఏం చేయాలి?

మందులషాపు_పుత్తూరు · జూలై 20, రాత్రి 9:03

అదే రోజు గుర్తొస్తే వెంటనే వేసుకోవాలి చెల్లెమ్మా. మర్నాడు మామూలు టైముకు మామూలుగా ఒకటి. మరిచిపోయినదానికి కలిపి రెండు వేసుకోకూడదు. స్ట్రిప్పులో పది రోజులకు మిగిలినప్పుడే కొత్తది తెచ్చి పెట్టుకోండి, పండగలకు షాపులు మూస్తారు.

చిత్తూరు_డిపో · జూలై 20, రాత్రి 9:30

పాల క్యాన్‌కు ఒక రబ్బరు బ్యాండు వేయమను. మాత్ర వేసుకున్నాక తీసి చేతికి పెట్టుకోవాలి. నేను టికెట్ల సంచికి ఇట్లాగే కట్టుకునేవాణ్ణి. ఆగస్టులో స్కానుకు వెల్లూరు పోయే రోజు చెప్పు పాపా, నాకూ ఆ నెలలోనే ఉంది. చిత్తూరు బస్టాండులో కలుస్తాను, మీ నాయనా నేనూ కలిసి పోతాం.